బోటు వెనకాల అల్లుడు

ఆ బోటులో వంట చేసే పెద్దమనిషికి ఒక గట్టి నమ్మకం ఉండేది. కడుపు నిండినవాడు చెడ్డపని చేయడని. మనుషుల విషయంలో అది ఎంతవరకు నిజమో లోకాన్ని ఒకసారి చుట్టి వస్తే తెలిసిపోతుంది గానీ, పాపం ఆయన లోకాన్ని చూసిందంతా వంటగది కిటికీలోంచే. అది పళ్లెమంత గుండ్రటి కిటికీ. అందులోంచి సముద్రమూ, దాని మీద తిరిగే పిట్టలూ తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. కాబట్టి ఆ నమ్మకాన్ని ఆయన పిట్టల మీదే ప్రయోగించాడు.

అది గాలాల బోటు. ఒక పొడవాటి తాడుకి వరసగా గాలాలు కట్టి, ఒక్కొక్క గాలానికి ఎర గుచ్చి, బోటు నడుస్తుండగా వెనక నుంచి నీళ్లలోకి వదులుతారు. ఎర వెంటనే మునగదు, కాసేపు పైపైనే తేలుతుంది. పిట్టలకి గండమంతా ఆ కాసేపట్లోనే. పైనుంచి చూసేదానికి ఎర కనిపిస్తుంది గానీ లోపలున్న గాలం కనిపించదు. గుటుక్కున మింగిందంటే తాడుతో పాటు అదీ మునిగిపోతుంది. సాయంత్రం తాడు లాగినప్పుడు చేపల మధ్య తడిసిన తెల్లటి మూటలా ఒకటి పైకి వస్తే డెక్కు మీది వాళ్లు దాన్ని విడదీసి, అటు చూడకుండా పక్కన పెట్టేవారు. వంటాయన ఆ పూట ముద్ద ముట్టేవాడు కాదు.

ఆయన వెతికి వెతికి కనిపెట్టిన మందు ఒక్కటే. పిట్టలకి ముందే కడుపు నింపడం. రోజూ తెల్లవారగానే, డెక్కు మీది వాళ్లు గాలాలు వదలడానికి ముందు టిఫినుకి కూర్చునేవారు. వాళ్లని పిలవడానికి ఆయన గరిటెతో బకెట్టు అంచు మీద టంగుటంగుమని కొట్టేవాడు. ఆ చప్పుడుకి మనుషులు ఒక పక్క నుంచి, పిట్టలు అన్ని పక్కల నుంచి వచ్చేవి. వాళ్లకి రొట్టె, కూర. వీటికి నిన్నటి చేపల తలలు, తోకలు, పేగులు. ఎవరైనా చూస్తుండగా మనం తినకూడదని వాళ్లమ్మ చిన్నప్పుడు చెప్పిన మాట ఆయన సముద్రం మీద కూడా మరిచిపోలేదు.

ఆ పిట్టల్లో ఒకదానికి ప్రత్యేక మర్యాద. బాతుకన్నా పెద్ద శరీరం, మల్లెపూవంటి తెలుపు, రెక్కల చివర మసి పూసినట్టు నలుపు. ఎడమ రెక్కలో ఒక ఈక పక్కకి వంగి ఉండేది. అది వేళ తప్పకుండా వచ్చేది, రెయిలింగు మీద దర్జాగా కూర్చునేది, పెట్టింది తినేది, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు చూసేది, వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయేది.

"ఇది పిట్ట కాదు బాబాయ్, అల్లుడు" అంది ఒకరోజు కెప్టెనమ్మ.

కెప్టెనమ్మ నాలుగు మాటలు అవసరమైన చోట రెండింటితో సరిపెట్టే మనిషి. ఆమె అన్న మాట బోటులో ఇట్టే స్థిరపడిపోతుంది. వంటాయన పెళ్లి చేసుకోలేదు, కూతురు లేదు, కాబట్టి అల్లుడొచ్చే దారి ఇంకోటి లేదు. ఆయన ఆ పేరుకి లోలోపల పొంగిపోయి, ఆనాటి నుంచి చేప కాలేయాలు ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. అల్లుడి మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు.

అందుకే ఒకరోజు అల్లుడు తోక కింద అగ్గిపెట్టె అంత నల్లటి డబ్బా అంటించుకుని వచ్చేసరికి ఆయనకి ఒళ్లు మండిపోయింది. "నోరులేని జీవానికి సామాను కట్టిన వెధవ ఎవడో గానీ, దొరికితే వాడి నడుముకి గ్యాసు సిలిండరు కడతా" అని ఆ ట్రిప్పంతా గొణిగాడు.

ఆ వెధవ తర్వాతి ట్రిప్పుకి స్వయంగా బోటెక్కింది. ఆమె ఎవరో కాదు, ఆయన అక్క కూతురు.

చిన్నప్పుడు ఆయన భుజాలెక్కి ఊరేగిన పిల్ల ఇప్పుడు సముద్రపు పిట్టల మీద పరిశోధన చేస్తోంది. సముద్రం మధ్య ఒక దీవి మీద, ఈ పిట్టలు గూళ్లు పెట్టే చోట గుడారం వేసుకుని నెలల తరబడి ఉంటుంది. ఒళ్లంతా పిట్టల రెట్ట వాసన. అది ఆమెకి తెలియదు, చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

"ఆ డబ్బా నాదే మామయ్యా. పిట్ట ఎక్కడెక్కడ తిరిగిందో నా ఫోనుకి చెబుతుంది. ఈకలతో పాటు అదే రాలిపోతుంది, బరువు కూడా ఉండదు" అంది బ్యాగు దించుతూ.

"నీ తోకకి కడితే తెలిసేది" అన్నాడాయన. అంతలోనే, పిల్ల చిక్కిపోయిందని గుర్తించి రెండు గుడ్లు కొట్టి పెనం మీద వేశాడు. కోపానికీ వంటకీ ఆయన దగ్గర లంకె లేదు.

ఆమె వచ్చింది డబ్బా కోసం కాదు, ఒక తాడు కోసం. బోటు వెనక ఎత్తయిన గుంజకి దాన్ని కట్టి దూరంగా నీళ్లలోకి వదులుతారు. దాని పొడుగునా రంగురంగుల పట్టీలు వేలాడుతుంటాయి. గాలికి అవి పటపటలాడుతుంటే పిట్టలు బెదిరి గాలాల వైపు రావు, ఈలోగా ఎర మునిగిపోతుంది. వేరే రేవుల్లో అది పనిచేసింది. ఈ రేవులో మాత్రం కెప్టెన్లందరూ, ముందు కెప్టెనమ్మ కట్టి చూడనీ, ఆమె సరేనంటే మేమూ సరే అని చేతులు దులుపుకున్నారు.

"ఈ ట్రిప్పు చూస్తా" అంది కెప్టెనమ్మ. "పిట్టలు పడకపోతే ఎప్పటికీ కడతా. పడితే, మళ్లీ ఎవరూ నా దగ్గరికి తాడు పట్టుకుని రాకూడదు."

పిట్టలమ్మాయి తలూపింది గానీ ముఖం పాలిపోయింది. ఈ బోటులో తాడు ఓడిపోతే రేవు మొత్తంలో ఓడిపోయినట్టే. ఆ బోట్లన్నిటి వెనకా తిరిగేవి ఆమె దీవి పిట్టలే.

వంటాయన అదంతా విన్నాడు. మేనకోడలి పరువు, అల్లుడి ప్రాణం రెండూ ఒకే తాడు మీద వేలాడుతున్నాయని ఆయనకి అర్థమైంది. తన వంతు సాయం తాను చేయాలనుకున్నాడు. ఏం చేయాలో కూడా అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు. ఆ సాయమే కొంప ముంచింది.

ఆ సాయంత్రం భోజనాలయ్యాక పిట్టలమ్మాయి ఫోనులో ఒక పటం చూపించింది. సముద్రం మీద నీలం గీత ఒకటి, ఎర్ర గీత ఒకటి. నీలం గీత ఈ బోటు తిరిగిన దారి. ఎర్రది అల్లుడి దారి. రెండూ జడ అల్లినట్టు కలిసిపోయి ఉన్నాయి.

"చూశావా" అన్నాడాయన డెక్కు మీద గాలాలు వేసే ఇద్దరు అన్నదమ్ముల వైపు తిరిగి, ఛాతీ విరుచుకుని. "మనల్ని వదిలి వాడు ఎక్కడికీ పోడు."

అన్నదమ్ములిద్దరూ ఏ విషయంలోనూ ఏకాభిప్రాయానికి రాని మనుషులు. అన్న ఔరా అన్నాడు, తమ్ముడు పెదవి విరిచాడు.

"అదే బాధ మామయ్యా" అంది పిల్ల. "మిగతా పిట్టలు ఉత్తరానికి ఎంతో దూరం పోతాయి. అక్కడ చిన్న చేపల గుంపులు ఉంటాయి, కొవ్వు పట్టిన చేపలు. పైనుంచి దూకి పట్టుకుని, మింగి, గూటికి వెళ్లి పిల్ల నోట్లోకి కక్కుతాయి. వీడు అంత దూరం పోడు. బోటు వెనకే తిరిగి, పారేసిన తలలూ తోకలూ తిని, అదే తీసుకెళ్లి పిల్లకి పెడతాడు. అందులో సత్తువ లేదు. వీడి పిల్లని నేను ఎత్తుకుని చూశాను. దీవి మొత్తంలో అంత బక్కది ఇంకోటి లేదు."

ఆయన వంట తిని చిక్కిపోయారన్న మాట ఆయన జన్మలో విని ఎరగడు. ఈ బోటెక్కిన బక్కవాళ్లందరూ బెల్టుకి కొత్త రంధ్రం పొడుచుకుని దిగినవాళ్లే. అన్నదమ్ములు అటు తిరిగి నవ్వు ఆపుకుంటున్నారు. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"వాళ్లమ్మ సరిగ్గా చూసుకోదేమో" అన్నాడు చివరికి, మూతి ముడుచుకుని.

మర్నాడు పొద్దున్న రంగుపట్టీల తాడు కట్టారు. గాలి బాగా ఉంది, పట్టీలు పటపటమని మోగుతున్నాయి. వంటాయన ఎవరికీ కనపడకుండా, రోజూ పెట్టే బకెట్టెడు కాదు, రెండు బకెట్లు పట్టే బుట్టెడు తలలూ తోకలూ తెచ్చి పెట్టుకున్నాడు. గరిటె మోత కూడా ఆ రోజు కాస్త ఉదారంగానే మోగించాడు. ఎక్కడెక్కడి పిట్టలూ వచ్చి పడ్డాయి. ఇన్నాళ్లూ ఈ బోటు ముఖం చూడనివి కూడా వచ్చాయి. తినండి నాయనా తినండి అంటూ వంటగది పక్క తలుపు లోంచి దోసిళ్లతో విసిరాడు. అల్లుడికి కాలేయాలు విడిగా.

గాలాలు వదలడం మొదలైంది. పట్టీలకి బెదిరి పిట్టలు చెల్లాచెదురు కావలసింది. కాలేదు. బెదురు బెదురుగానే బోటు చుట్టూ మూగి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, తాడుకి పక్కల నుంచీ కింద నుంచీ దూరుతున్నాయి. పిట్టలమ్మాయి డెక్కు మీద అటూ ఇటూ పరిగెత్తుతూ చేతులు ఊపుతోంది. ఉన్నట్టుండి ఒక పిట్ట నీళ్లలో గిలగిలలాడింది.

"ఆపండి" అని అరిచింది పిల్ల.

కెప్టెనమ్మ ఇంజను ఆపింది. అన్నదమ్ములు ఆ రోజు ఒక్క విషయంలో ఏకమై గాలాల తాడు వెనక్కి లాగారు, పొడుగు కర్ర వలతో పిట్టని పైకి తీశారు. ముదురు బూడిద రంగు ఈకలు ఇంకా పోని కుర్ర పిట్ట. గాలం రెక్క సందులో గుచ్చుకుంది. పిట్టలమ్మాయి దాని తల మీద తువ్వాలు కప్పి, గాలం కొక్కెం కత్తిరించి బయటికి లాగింది. వదలగానే అది ఆమె చెయ్యి కొరికి ఎగిరిపోయింది. బతికింది, అది చాలు.

"అల్లుడు కాదుగా, అల్లుడు కాదుగా" అంటూ గరిటెతోనే పరిగెత్తుకొచ్చిన వంటాయన, కాదని తెలిశాక కూడా పిట్టల్లో ఆ వంగిన ఈక కోసం వెతుకుతూనే ఉన్నాడు.

కెప్టెనమ్మ రంగుపట్టీల తాడు వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. "రేపొక్క రోజు" అని లోపలికి వెళ్లిపోయింది.

పిట్టలమ్మాయి వంటగదిలోకి వచ్చి బంగాళాదుంపల బస్తా మీద కూలబడింది. కొరికిన చేతికి ఆయన పసుపు తెచ్చి అద్దాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అది చేతి నొప్పి వల్ల కాదని ఆయనకి తెలుసు.

"ఎందుకిలా అయిందో అర్థం కావట్లేదు మామయ్యా. గాలి బాగుంది, తాడు బాగుంది. ఇన్ని పిట్టలు ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"నువ్వు బెంగపెట్టుకోకు అమ్మడూ" అన్నాడాయన, గొంతు తగ్గించి, రహస్యం చెబుతున్న వాడి ఉత్సాహంతో. "రేపు ఒక్కటి కూడా పడదు. ఇవాళ రెట్టింపే పెట్టాను. రేపు దానికి రెట్టింపు పెడతా. పొట్టలు పగిలేలా పెడతా. ఇంక గాలం వైపు కన్నెత్తి కూడా చూడవు."

పిల్ల బస్తా మీంచి లేచి నిలబడింది.

"ఏం పెట్టావు?"

ఆయన బుట్ట చూపించాడు. గరిటె సంగతి చెప్పాడు. ఇన్నేళ్లుగా పిట్టల కడుపు నింపి నింపి గాలాల నుంచి కాపాడుతున్నది తానేనని, ఎవరితోనూ చెప్పుకోలేదు గానీ తన మనసుకి తెలుసునని, కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. చెబుతున్నంతసేపూ మేనకోడలు మెచ్చుకుంటుందనే ఎదురుచూశాడు.

ఆమెకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, చివరికి రెండూ కలిసి వచ్చాయి.

"మామయ్యా, నువ్వు ఊరందరినీ భోజనానికి పిలుస్తున్నావు. వాళ్లు వచ్చి కూర్చున్నాక పక్కనే మనం గాలాలు వేస్తున్నాం."

"కడుపు నిండితే ఎందుకు తింటాయే?"

"వాటి కడుపు నిండదు మామయ్యా. గూట్లో పిల్ల ఉంది. తన కడుపు నిండాకే పిల్ల కోసం నింపుకోవడం మొదలుపెడుతుంది. ఎంత పెట్టినా ఇంకొక్క చేప, ఇంకొక్క చేప అనే చూస్తుంది. తల్లీ తండ్రీ అయినవాళ్లకి చాలు అనేది ఉంటుందా?"

అక్కకి ఎన్నిసార్లు వడ్డించాడో ఆయనకి గుర్తొచ్చింది. ఎప్పుడూ సగం తిని, మిగతాది పిల్లలకి ఉంచమనేది. ఏం, వండలేదా నేను అని ఆయన ప్రతిసారీ దెబ్బలాడేవాడు. పొయ్యి వైపు తిరిగి, ఏమీ లేని గిన్నెని చాలాసేపు కలిపాడు. ఇన్నేళ్లలో తడిసి పైకొచ్చిన ఒక్కొక్క పిట్టా కళ్ల ముందు కదిలింది. అన్నిటినీ పిలిచింది తనే.

"రేపు ఏం చేయాలో చెప్పు" అన్నాడు.

"ఏమీ చేయకూడదు. అంతే."

ఏమీ చేయకపోవడం ఎంత కష్టమో మర్నాడు పొద్దున్న తెలిసొచ్చింది. టిఫిను సిద్ధమైందని చెప్పడానికి ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెవిలో చెప్పాడు. చెవిలో చెబితే కెప్టెనమ్మకి కితకితలు పుట్టి, ఆమె నవ్వగా బోటులో అందరూ మొదటిసారి విన్నారు. తలలూ తోకలూ పేగులూ అన్నీ మూత ఉన్న డ్రమ్ములో వేసి, ఆ మూత మీద ఆయన కూర్చున్నాడు. తన మీద తనకే నమ్మకం లేదు మరి.

పిట్టలు వేళకే వచ్చాయి. కేకలు వేశాయి, చుట్టూ తిరిగాయి. అల్లుడు రెయిలింగు మీద వాలాడు. కాసేపు చూశాడు. అక్కడి నుంచి ఎగిరి గుండ్రటి కిటికీ అంచు మీద వాలి, అద్దం మీద ముక్కుతో పొడిచాడు. ఒకసారి పొడిచి తల వంచి లోపలికి చూసేవాడు, మళ్లీ పొడిచేవాడు.

"వెళ్లరా" అన్నాడాయన. "నా దగ్గర ఏమీ లేదు. నీ పిల్లకి పనికొచ్చేది అసలే లేదు, వెళ్లు."

అద్దం అవతలి వాడికి అది వినపడిందో లేదో. ఆయన తల తిప్పేసుకున్నాడు. భుజం మీది తువ్వాలు కళ్లకి అడ్డం పెట్టుకుని, కింద డ్రమ్ము మూతని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. వెనక గాలాలు జరజరా దిగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్క కేక, ఒక్క ఆపండి అన్న మాట వినపడుతుందేమోనని ప్రాణాలన్నీ చెవుల్లో పెట్టుకున్నాడు. గాలాల తాడు మొత్తం దిగేదాకా ఎవరూ అరవలేదు. చూస్తే కిటికీ అంచు ఖాళీగా ఉంది.

సాయంత్రం తాడు లాగారు. చేపలు వచ్చాయి, చేపలే వచ్చాయి. ఆ మర్నాడూ అంతే, ఆ పై రోజూ అంతే. తలలూ తోకలూ డ్రమ్ముల్లోనే ఉంచి ఒడ్డుకి తీసుకెళ్లాలని కెప్టెనమ్మ తేల్చేసింది. రేడియోలో వేరే కెప్టెన్ ఎవరో ఎగతాళిగా ఆ రంగుల తాడు సంగతేంటని అడిగితే, "కట్టుకో" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. పిట్టలమ్మాయి ఆ మాట విని డెక్కు మీద గంతులేసింది. అన్నదమ్ములు ఆ గంతులు బాగున్నాయా లేదా అని వాదించుకున్నారు.

అందరూ సంతోషంగానే ఉన్నారు, ఒక్క వంటాయన తప్ప. పిట్టలు ఒకటొకటిగా ఈ బోటుని మానేశాయి. వెనక్కి చూస్తే నురగ, నీళ్లు, ఆకాశం. కూరలో ఒకరోజు ఉప్పు రెండుసార్లు పడింది, ఇంకోరోజు అసలు పడలేదు. "నాలుగు రోజులు పెట్టకపోతే ముఖం చాటేశాడు. తిన్న విశ్వాసం లేదు" అని సణిగేవాడు. అంతలోనే అల్లుడు బతికున్నాడో లేదో, దూరాలు పోయి వేటాడటం మరిచిపోయాడేమో, ఆ బక్కపిల్ల ఏమైందో అని దిగులుపడేవాడు. పిట్టలమ్మాయి ఫోను తీసి చూసింది. డబ్బా రాలిపోయినట్టుంది, ఎర్ర గీత దీవి దగ్గరే ఆగిపోయింది. డబ్బా రాలిందో, అల్లుడే రాలిపోయాడో ఆ గీత చెప్పదు. ఆ సంగతి ఆమె దాచలేదు, ఆయన మళ్లీ అడగలేదు.

ఒడ్డుకి తిరిగొచ్చే రోజున, మధ్యాహ్నం వేళ, అన్న ఉత్తరం వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఆకాశంలోంచి తెల్లగా ఏవో రాలుతున్నాయి. నీళ్లలో పడ్డ చోటల్లా నురగ ఎగజిమ్ముతోంది. పొయ్యి మీద కూర వదిలేసి వంటాయన పరిగెత్తుకొచ్చాడు. పిట్టలమ్మాయి తన మెడలోంచి బైనాక్యులర్స్ తీసి ఆయనకి ఇచ్చింది.

ఇన్నేళ్ల సముద్రంలో ఆయన అది చూడలేదు. అలా దూకాల్సిన అవసరం పిట్టలకి ఆయనే రానివ్వలేదు. మేడంత ఎత్తు నుంచి ఒక్కొక్క పిట్టా కిందికి చూస్తూ ఆగేది, రెక్కలు వెనక్కి ముడిచేది, అలా ముడిచి నిటారుగా నీళ్లలోకి దిగిపోయేది. ఎక్కడా తొట్రుపాటు లేదు. కాసేపటికి బుడుంగున పైకి తేలి, గొంతు ఆడించి మింగి, నీళ్ల మీద పరిగెత్తి మళ్లీ లేచేది. రెయిలింగు మీద కూర్చుని తోకల కోసం తగువులాడే ఆ బద్ధకస్తులేనా ఇవి అనిపించింది ఆయనకి.

"అదుగో" అంది పిట్టలమ్మాయి, చూపుడువేలు చాచి. "ఎడమ రెక్క చూడు."

వంగిన ఈక. అల్లుడు అందరికన్నా ఎత్తుకి వెళ్లాడు. దూకాడు. తేలాడు, మింగాడు, మళ్లీ లేచాడు. మళ్లీ దూకాడు. కడుపు బరువెక్కి లేవడానికి ఆపసోపాలు పడేదాకా దూకి, ఆఖరికి రెక్కలు కొట్టుకుంటూ ఇటువైపు మళ్లాడు. బోటు మీదుగానే వచ్చాడు. చాలా దగ్గరగా, వంగిన ఈక మామూలు కళ్లకే కనిపించేంత దగ్గరగా. వంటాయన చెయ్యి తనకి తెలియకుండానే పైకి లేచింది.

అల్లుడు కిందికి చూడలేదు. దీవి ఉన్న వైపు తిన్నగా పోతూనే ఉన్నాడు.

"చూశావా బాబాయ్" అన్నాడు తమ్ముడు. "నీ వైపు తలైనా తిప్పలేదు."

"ఎందుకు తిప్పుతాడ్రా?" అన్నాడు వంటాయన. ఆయన ముఖం వెలిగిపోతోంది. "ఇంట్లో ఆకలితో ఉన్న పిల్లకి భోజనం మోసుకెళ్లేవాడు దారిలో నాతో కబుర్లు పెట్టుకుంటాడా?"

అల్లుడు చుక్కంత అయి కనపడకుండా పోయేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆ రోజు కూర అడుగంటి మాడిపోయింది. అందరూ మారుమాట్లాడకుండా తిన్నారు. కెప్టెనమ్మ రెండోసారి వేయించుకుంది.